ముప్పై సెకన్ల కుంచం

మా పెద్దమ్మ అడిగిన ఒక ప్రశ్నతో ఈ వ్యాసం మొదలుపెడుతున్నాను. ఇన్నేళ్ళుగా బడిలో పాఠాలు చెబుతున్న నేను ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

మాది పాడేరు కొండల్లో ఒక చిన్న ఊరు. మా అక్క కొడుకు డిగ్రీ చదివి, పట్నంలో రెండేళ్ళు పని చేసి, ఊరికి తిరిగొచ్చాడు. ఊళ్ళోని ఆడవాళ్ళ సంఘంతో కలిసి కాఫీ పొడి, పసుపు, మిరియాలు ప్యాకెట్లు కట్టి అమ్మడం మొదలుపెట్టాడు. షావుకారు చేతికి పోకుండా వాడుకునేవాళ్ళకే నేరుగా అమ్మాలని వాడి పట్టుదల. దుకాణం పెట్టడానికి డబ్బు లేదు. చేతిలో ఉన్నది ఫోను ఒక్కటే. అందుకని చిన్న వీడియోలు తీసి పెట్టసాగాడు.

మొదటి నాలుగైదు వీడియోలను ఎవరూ పట్టించుకోలేదు. ప్యాకెట్టు చేత్తో పట్టుకుని, "నమస్కారమండి, మా దగ్గర నాణ్యమైన పసుపు దొరుకుతుంది" అని చెప్పేవాడు. వాడి స్నేహితులు తప్ప చూసినవాళ్ళు లేరు. అప్పుడు వేరే రకంగా ఒకటి తీశాడు. మా పెద్దమ్మను పొయ్యి దగ్గర కూర్చోబెట్టాడు. స్టీలు బిందెలు, గ్యాసు పొయ్యి, గోడకున్న క్యాలెండరు, ప్లాస్టిక్ కుర్చీ అన్నీ బయట పెట్టించాడు. పండగకు థింసా ఆడేటప్పుడు కట్టుకునే తీరులో చీర కట్టించాడు. కళ్ళజోడు, చెప్పులు తీయించాడు. చేతికి సొరకాయ బుర్ర ఇచ్చాడు. వెనక తుడుము, జోడుకొమ్ముల మోత కలిపాడు. తెర మీద "నాగరికత తెలియని అడవితల్లి చేతి పసుపు" అని రాశాడు. అంతా కలిపి ముప్పై సెకన్లు. ఆ వీడియోను వేలమంది చూశారు. నెల తిరిగేసరికి సంఘం దగ్గరున్న పసుపంతా అమ్ముడుపోయింది.

పెద్దమ్మ ఆ వీడియోను సంతలో ఎవరిదో ఫోనులో చూసింది. సాయంత్రం ఇంటికొచ్చి మనవణ్ణి పిలిచింది. కోప్పడలేదు. "ఒరే బాబూ, మనింట్లో గ్యాసు పొయ్యి ఉంది గదా, ఎందుకు తీసీసినావు? సంఘం లెక్కలు నానే రాస్తాను గదా, నాకేటీ తెలీదని ఎందుకు రాసినావు?" అంది. వాడు నవ్వుతూ, "పసుపంతా అమ్ముడుపోయింది కదా అమ్మమ్మా" అన్నాడు. పెద్దమ్మ కాసేపు ఊరుకుని, "అమ్ముడుపోయింది పసుపురా, నేనా?" అని అడిగింది.

వాడు నా వైపు చూశాడు. నా దగ్గర జవాబు లేదు.

మనం పండించిన వస్తువును మనమే అమ్ముకోవాలి. అందులో అనుమానం లేదు. అయితే కొనేవాళ్ళకు నచ్చడం కోసం మనల్ని మనం ఎంతవరకు మార్చి చూపించుకోవచ్చు? ఇప్పుడు ప్రతి కొండ మీదా, ప్రతి గూడెంలోనూ ఫోను పట్టుకున్న తమ్ముడో చెల్లెలో ఉన్నారు. ఈ ప్రశ్న వాళ్ళందరిదీ. 2020 జూన్ నెలాఖరున మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించారు. కొద్ది నెలల్లోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, యూట్యూబ్ షార్ట్స్ ఆ చోటును నింపేశాయి. అప్పటినుంచి నిమిషం లోపు వీడియో అనేది ఆటగా మిగల్లేదు. బజారైపోయింది. బజారన్నాక కొలత ఉంటుంది, కొలతలో న్యాయం, అన్యాయం ఉంటాయి.

మా మేనల్లుడి వాదాన్ని తేలిగ్గా తీసేయకూడదు. వాడు మూడు మాటలు అన్నాడు. మొదటిది: "చీర మనదే, బుర్ర మనదే, తుడుము మనదే, అమ్మమ్మ మన అమ్మమ్మే. ఇందులో అబద్ధం ఏముంది మావయ్యా?" రెండోది: "బయటివాళ్ళు మన బొమ్మను సబ్బుల మీద, తేనె సీసాల మీద వేసుకుని డబ్బు చేసుకుంటున్నారు. మన బొమ్మ మనం వేసుకుంటే తప్పొచ్చిందా?" మూడోది అన్నిటికంటే గట్టిది: "నేను బ్యాంకుకు వాయిదా కట్టాలి. చూసేవాడు రెండు సెకన్లు చూసి, నచ్చకపోతే వేలితో తోసేస్తాడు. గౌరవంగా తీసిన వీడియోలు ఎవరూ చూడలేదు, నువ్వూ చూశావుగా. గౌరవం వాయిదా కడుతుందా?"

మూడో మాట నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే కడుపు ముందు. ఆదివాసీ యువకుడు వ్యాపారంలో గెలవాలనుకోవడం తప్పు అని చెప్పే హక్కు జీతం తీసుకునే నాలాంటివాడికి లేదు. మన తాతలు సంతలో ఎలా మోసపోయారో అందరికీ తెలుసు. మా తాత చెప్పేవాడు: షావుకారు మన దగ్గర చింతపండో పిప్పళ్ళో కొనేటప్పుడు కుంచం మీద కుప్పగా పోయించుకునేవాడట. మనకు ఉప్పో బియ్యమో అమ్మేటప్పుడు అదే కుంచాన్ని అంచు వరకే పోసి, పైన చేత్తో గీసి ఇచ్చేవాడట. కుంచం ఒక్కటే, కొలిచే తీరు రెండు. కొందరి కుంచానికి అడుగున మైనం కూడా ఉండేదట. ఆ దోపిడీని ఆపడానికే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పుట్టింది. అది వచ్చాక తూకం కొంత మారింది. అయినా మన సరుకు ధర చెప్పేది బయటివాళ్ళే అన్నది పూర్తిగా పోలేదు.

ఇప్పుడు మొదటిసారి కొలత మన చేతికొచ్చింది. మన సరుకు ఎలాంటిదో, దాని వెనక ఎంత పని ఉందో, ధర ఎంతో మనమే చెప్పగలుగుతున్నాం. ఫోను మన కుంచం. అందుకే ఆ కుంచాన్ని మనం ఎలా కొలుస్తామన్నది పెద్ద ప్రశ్న. షావుకారు చేసిన పనే మనమూ చేస్తే? చూపేటప్పుడు కుప్పగా చూపి, ఇచ్చేటప్పుడు గీసి ఇస్తే?

ఇక మొదటి మాట: "అన్నీ మనవే, అబద్ధం ఏముంది?" దీనికి జవాబు వీడియో తీసే పద్ధతిలోనే ఉంది. ముప్పై సెకన్ల వీడియోలో ఏం పెట్టాం అన్నదానికంటే ఏం తీసేశాం అన్నది ఎక్కువ మాట్లాడుతుంది. పెద్దమ్మ చీర నిజం, బుర్ర నిజం. కానీ బయట పెట్టించిన గ్యాసు పొయ్యి, తీయించిన కళ్ళజోడు, దాచిన లెక్కల పుస్తకం కలిసి ఒక అబద్ధం చెప్పాయి. నిజమైన ముక్కలను ఏరి అబద్ధాన్ని కుట్టవచ్చు. కుంచంలో పోసిన గింజలు మంచివే, అడుగున ఉన్న మైనమే మోసం.

ఆ అబద్ధం వల్ల నష్టం ఎవరికి? కొన్నవాళ్ళకు పసుపు మంచిదే అందింది. నష్టపోయింది పెద్దమ్మ. ఆమె యాభై ఏళ్ళు దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంది. పన్నెండు మంది ఆడవాళ్ళ పొదుపు లెక్కలు పైసా తేడా లేకుండా రాస్తుంది. ఆమె జీవితంలో ఆమె గర్వపడేది ఏదో, సరిగ్గా దాన్నే వీడియో తీసేసింది. ఇంకో నష్టం కూడా ఉంది. అది ఆలస్యంగా కనిపిస్తుంది. "నాగరికత తెలియనివాళ్ళు" అని మనమే రాసి అమ్మితే, రేపు మన పిల్ల పట్నం కళాశాలలో చేరినప్పుడు పక్కన కూర్చున్నవాళ్ళు ఆ మాటతోనే పిలుస్తారు. మన ఊరికి రోడ్డు, టవరు కావాలని అర్జీ పెట్టినప్పుడు, "వాళ్ళకవన్నీ ఎందుకు, అడవిలో సంతోషంగా ఉన్నారుగా" అంటారు. ఆ మాట మనమే వాళ్ళకు నేర్పినట్టవుతుంది.

రెండో మాట: "బయటివాళ్ళు తీస్తే లేని తప్పు మనం తీస్తే వచ్చిందా?" కెమెరాకూ మనకూ పాత చరిత్ర ఉంది. 1940లలో హైమెండార్ఫ్ హైదరాబాద్ రాజ్యంలో చెంచుల మధ్య, కొండరెడ్ల మధ్య, ఆదిలాబాద్ గోండుల మధ్య తిరిగి ఎన్నో ఫొటోలు తీశాడు. ఆయన మన మేలు కోరినవాడే. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకు పాటుపడ్డాడు. ఈరోజు మన తాతల ముఖాలు చూసుకోవాలంటే ఆయన ఫొటోలే దిక్కు. అయినా ఏది తీయాలి, ఏది వదిలేయాలి, కింద ఏమని రాయాలి అని నిర్ణయించింది ఆయనే. మేలు కోరేవాళ్ళ కెమెరా అలాంటిదైతే, వినోదం కోరేవాళ్ళ కెమెరా ఎలా ఉంటుందో 2012లో అండమాన్‌లో చూశాం. తిండి ఆశ చూపి జారవా స్త్రీల చేత పర్యాటకుల ముందు నాట్యం చేయించిన వీడియో అప్పుడు బయటికొచ్చింది. దేశమంతా తలదించుకుంది. అక్కడి ఆదిమ తెగల రక్షణ నిబంధనలను ఆ ఏడాదే కఠినం చేశారు.

ఇప్పుడు కెమెరా మన చేతిలో ఉంది. ఇది గొప్ప మార్పే. కానీ చేయి మనదై, చూపు పర్యాటకుడిదైతే మార్పు సగమే. మా మేనల్లుడు పెద్దమ్మ చెప్పులు తీయించినప్పుడు వాడి మనసులో పట్నంలో కూర్చుని చూసేవాడు ఉన్నాడు. వాడికి ఏం కావాలో ఊహించి, పెద్దమ్మను ఆ ఊహకు సరిపడా మార్చాడు. కెమెరా ఎవరి చేతిలో ఉందన్నది మొదటి ప్రశ్న మాత్రమే. అందులో కనిపించే మనిషికి మాట ఉందా లేదా అన్నది రెండో ప్రశ్న.

దీనర్థం మన ఆటపాటలు బయటికి వెళ్ళకూడదని కాదు. గుస్సాడీ నాట్యాన్ని ఊరి దండారి నుంచి దేశమంతటికీ చూపిన మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆయన దాన్ని దాని పేరుతోనే, దాని నియమం తెలిసినవాడిగా, నేర్పేవాడిగా తీసుకెళ్ళాడు. అది గుస్సాడీని చూపడం. నెమలి ఈకల టోపీ పెట్టించి, ఆ దీక్ష గురించి ఒక్క మాట చెప్పకుండా, మధ్యలో సబ్బు ప్యాకెట్టు చూపిస్తే అది గుస్సాడీని వాడుకోవడం. థింసాకైనా ఇదే మాట. పండగ రోజున ఊరు ఊరంతా ఆడుతుంటే తీసి, ఇది మా ఊరి పండగ అని చెప్పి, మా ఊరి కాఫీ ఇదీ అని చూపితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. కూలికి పదిమందిని నిలబెట్టి ఆడించి కాఫీ అమ్మితే మన పిల్లలే ఆ ఆటను ప్రకటన అనుకుంటారు.

ఇంతవరకు ఏం చేయకూడదో చెప్పాను. ఇలా చెప్పడం తేలిక. మా మేనల్లుడు, "సరే మావయ్యా, నిజం చెప్పి రెండు సెకన్లలో మనిషిని ఆపే వీడియో నువ్వు తీసి చూపించు" అన్నాడు. న్యాయమైన మాట. ముగ్గురం కూర్చున్నాం. వాడు, నేను, పెద్దమ్మ. ఆ ఏడు కాఫీ పండ్లు కోతకొచ్చేదాకా ఆలోచించాం.

వాడి మొదటి వీడియోలు ఎందుకు ఓడిపోయాయో ముందు చూశాం. అవి నిజాయితీ వల్ల ఓడిపోలేదు. నమస్కారంతో మొదలయ్యాయి, అందుకని ఓడిపోయాయి. నమస్కారం సంతలో మర్యాద. ఫోనులో అప్పటికే చూసేవాడు వెళ్ళిపోతాడు. వీడియో పనితో మొదలవ్వాలి, లేదా చూసేవాడి మనసులో ఒక ప్రశ్న రేపాలి. "నాణ్యమైన" అనే మాట కూడా పనికిరాదు, అందరూ అదే అంటారు. నాణ్యం ఎలా వస్తుందో చూపాలి. ఒక వీడియోలో ఒకే సంగతి ఉండాలి. పసుపు, కాఫీ, మిరియాలు మూడూ ఒకేసారి చెబితే ఒక్కటీ గుర్తుండదు.

ఆ ప్రశ్న పెద్దమ్మే ఇచ్చింది. కాఫీ పండ్లు కోసుకొచ్చాక నీళ్ళలో పోస్తాం. పురుగు తిన్నవి, లోపల గింజ పట్టనివి పైకి తేలతాయి. మంచివి మునుగుతాయి. ఇది మన కొండల్లో పిల్లలకు కూడా తెలుసు. పట్నంలో రోజూ కాఫీ తాగేవాళ్ళలో చాలామందికి తెలియదు. "ఈ పండ్లన్నీ ఎర్రగానే ఉన్నాయి. వీటిలో పనికిరానివి ఏవో చెప్పగలరా?" ఇదే మొదటి మాట. జవాబు చివర్లో తెలుస్తుంది కాబట్టి చూసేవాళ్ళు చివరిదాకా ఉంటారు.

ఎలా తీశామో కొంచెం వివరంగా చెబుతాను, తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఉపయోగపడుతుంది. ఫోను నిలువుగా పెట్టి, రాళ్ళ మధ్య ఇరికించాం, చేయి వణకదు. తీసేముందు కెమెరా అద్దాన్ని మెత్తని గుడ్డతో తుడిచాం. పొద్దున ఎండ ఏటవాలుగా పడే వేళ తీశాం. మొదటి మూడు సెకన్లు: స్టీలు టబ్బులో నీళ్ళలోకి ఎర్రటి పండ్లు జారిపడడం, ఆ చప్పుడు, తెర మీద ఆ ప్రశ్న. తర్వాత పది సెకన్లు: కొన్ని పండ్లు పైకి తేలడం, పెద్దమ్మ చేతులు వాటిని ఏరి వేరే బుట్టలో వేయడం. తర్వాత పది సెకన్లు: కళ్ళజోడు పెట్టుకున్న పెద్దమ్మ ముఖం. ఆమె తన మాటలోనే చెప్పింది: "తేలినవి తీసేస్తాం. మునిగినవే మీకు." చివరి ఏడు సెకన్లు: పొడి ప్యాకెట్టు, బరువు, ధర, పంపడానికి ఎన్ని రోజులు పడుతుంది, ఎలా అడగాలి.

పాట పెట్టలేదు. సినిమా పాటను వ్యాపారానికి వాడాలంటే దాని హక్కు ఉన్నవాళ్ళ అనుమతి కావాలి. పైగా పండ్లు నీళ్ళలో పడే చప్పుడు కంటే మంచి సంగీతం మాకు దొరకలేదు. బస్సుల్లో, ఆఫీసుల్లో చాలామంది శబ్దం ఆపి చూస్తారు కాబట్టి చెప్పిన ప్రతి మాటనూ పెద్ద అక్షరాల్లో రాశాం. తెర అడుగున యాప్ గుర్తులు కప్పేస్తాయి కనుక అక్షరాలను కాస్త పైకి పెట్టాం. మీ ఇంట్లో కువి గానీ, గోండి గానీ, కోయ గానీ, ఆదివాసీ ఒడియా గానీ మాట్లాడితే ఆ భాషలోనే మాట్లాడించి, కింద తెలుగు రాయండి. చూసేవాళ్ళకు అది కొత్త, మాట్లాడేవాళ్ళకు అది సొంతం. మా ఊళ్ళో సిగ్నలు అందదు. వీడియో ఊళ్ళో తీసి, సంత ఊరికి వెళ్ళి పెట్టేవాళ్ళం.

రంగు మార్చే ఫిల్టరు వాడొద్దని సంఘం తీర్మానించింది. ఫోనులో ఒక్క నొక్కుతో పసుపును బంగారంలా చూపవచ్చు. కానీ ప్యాకెట్టు విప్పినవాడు తెర మీది రంగును గుర్తుపెట్టుకునే విప్పుతాడు. పొడికి రంగు కలిపే కల్తీదారుకూ, వీడియోకు రంగు కలిపే మనకూ తేడా ఎంత? ఆరోగ్యానికి వీడియో రంగు హాని చేయదు, నిజమే. నమ్మకానికి రెండూ ఒకే హాని చేస్తాయి.

మాటల విషయంలోనూ కొన్ని గీతలు గీసుకున్నాం. "మా పసుపు తింటే షుగరు తగ్గుతుంది", "ఈ వేరు క్యాన్సరును పోగొడుతుంది" లాంటి మాటలు ఒక్క వీడియోలోనూ ఉండకూడదు. అలాంటి ప్రకటనలను 1954 నాటి చట్టం నిషేధించింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, మన మాట నమ్మి ఎవరైనా మందు మానేస్తే ఆ పాపం మనదే. "సేంద్రియం" అని రాయాలంటే ధ్రువపత్రం సంపాదించుకోవాలి. పీజీఎస్ పద్ధతిలో రైతుల బృందమే ఒకరి పొలాన్ని ఒకరు పరిశీలించుకుని ధ్రువీకరించుకోవచ్చు. అది వచ్చేదాకా "మేము ఎరువుగా ఏం వేశాం" అన్నది ఉన్నదున్నట్టు చూపితే చాలు. "అరకు" పేరు కూడా అంతే. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2017లోనే అరకు పేరుతో పారిస్‌లో కాఫీ దుకాణం తెరిచారు. ఆ పేరు ఎకరం, రెండెకరాలున్న వేలాది కుటుంబాల కష్టం మీద నిలబడింది. ఎక్కడో కొన్న గింజలకు ఆ పేరు తగిలిస్తే మన ఇంటి కుంచానికే మనం మైనం పెట్టినట్టు.

అన్నిటికంటే ముఖ్యమైన తీర్మానం మనుషుల గురించి. అది సంఘం పుస్తకంలో పెద్దమ్మ చేతిరాతతోనే ఉంది. వీడియోలో ఎవరి ముఖం కనిపిస్తుందో వాళ్ళకు బయట పెట్టకముందే చూపాలి. శబ్దంతో, రాసిన మాటలు చదివి వినిపించి చూపాలి. వద్దంటే మానాలి. తర్వాత ఎప్పుడు తీసేయమన్నా కారణం అడక్కుండా తీసేయాలి. తీసిన రోజుకు కూలి ఇవ్వాలి. పిల్లల ముఖాలు అమ్మకానికి వాడకూడదు. ఊరి దేవతలు, పూజలు, చెట్టుమందుల గుట్టు వీడియోలోకి రాకూడదు. అవి ఏ ఒక్కరి సొత్తూ కావు గనుక ఏ ఒక్కరూ అనుమతి ఇవ్వలేరు.

ఇక ఫలితం. ఇక్కడ కథ అందంగా ముగిస్తే నేనూ రంగు కలిపినట్టే. కాఫీ వీడియోను పాత పసుపు వీడియోలో సగం మంది కూడా చూడలేదు. వాడి తొలి వీడియోలకంటే చాలా నయం, కానీ పెద్దమ్మను మార్చి తీసినదాని దరిదాపుల్లోకి రాలేదు. ఆ పాత వీడియో మాత్రం అప్పటికీ ఆర్డర్లు తెస్తూనే ఉంది. దాన్ని తీసేయాలా వద్దా అని మా మేనల్లుడు పది రోజులు తిరిగాడు. పెద్దమ్మ ఒక్కసారి కూడా తీసేయమని అడగలేదు. పదకొండో రోజున సంతలో నా ముందే తీసేశాడు. ఆ నెల వాయిదాకు నా దగ్గర చేబదులు తీసుకున్నాడు. ఇది నష్టం లేని దారి అని నేను ఎవరికీ చెప్పను.

దక్కినది ఏమిటంటే, అడిగే మనుషులు మారారు. మొదటి వీడియో చూసినవాళ్ళు, "మీరు ఇంకా ఆకులు కట్టుకుంటారా?", "మీ ఊరికి వస్తే నాట్యం చూపిస్తారా?" అని అడిగేవారు. కాఫీ వీడియో చూసిన విశాఖ ఆవిడ ఒకరు, "తేలిన పండ్లను ఏం చేస్తారమ్మా?" అని అడిగారు. వాటిని విడిగా ఎండబెట్టి తక్కువ ధరకు, తక్కువ రకమని చెప్పే అమ్ముతాం. ఆ జవాబునే మరో వీడియో చేశాం. మొదటి ప్రశ్నలు మనల్ని వింతగా చూసేవాళ్ళవి. ఈ ప్రశ్న మన పని తెలుసుకోవాలనుకునే మనిషిది. ఇలాంటివాళ్ళు తక్కువమందే, నిదానంగా పెరుగుతారు. మా మేనల్లుడు ఇప్పుడు వారానికి రెండు వీడియోలు తప్పకుండా పెడుతున్నాడు. ఏదో ఒకటి పేలిపోయి రాత్రికి రాత్రి గట్టెక్కుతామన్న ఆశ మానుకున్నాడు.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. ఆశ్రమ పాఠశాలల్లో మనమూ పిల్లలతో వీడియోలు తీసి పెడుతున్నాం. ఉత్సాహమే, కాదనను. కానీ ఆ పిల్ల ముఖం మన ఖాతాలో ఎన్నాళ్ళు ఉండాలో నిర్ణయించే వయసు ఆ పిల్లకు లేదు. ముందు మనం ఆగి ఆలోచించాలి. ఆ పైన పిల్లలకు ఈ విద్యనే పాఠంగా చెప్పవచ్చు. ఒక ప్రకటనను శబ్దం ఆపి చూపించండి. "ఇందులో ఏం కనిపిస్తోంది? ఏం తీసేసి ఉంటారు? ఇందులోని మనిషికి ఇది చూపిస్తే ఏమంటుంది?" అని అడగండి. తర్వాత వాళ్ళ ఇంట్లో జరిగే ఒక పనిని ముప్పై సెకన్లలో చెప్పమనండి. అడ్డాకు విస్తరి కుట్టడం, కొండచీపురు కట్టడం, రాగులు దంచడం, ఏదైనా సరే. లెక్క, భాష, న్యాయం మూడూ ఆ ముప్పై సెకన్లలో ఉన్నాయి.

యువకులకు చెప్పేది ఇంకా చిన్నది. వీడియో పెట్టే ముందు దాన్ని ఊరి మధ్య చెట్టు కింద, అందులో ఉన్నవాళ్ళ ముందు ఒకసారి వేసి చూడండి. వాళ్ళ ముందు మీరు తల ఎత్తుకుని నిలబడగలిగితే పెట్టండి. ఎక్కడైనా చేయి ఆటోమేటిగ్గా ఫోను తిప్పేసుకుంటుంటే, ఆ ముక్క దగ్గర మైనం ఉందని అర్థం.

మొన్న సంతలో పెద్దమ్మ మిరియాలు అమ్ముతుంటే పక్కన కూర్చున్నాను. ఒకామె కాఫీ వీడియో చూపించి, "ఇది నువ్వేనా?" అని అడిగింది. పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుని వీడియో చివరిదాకా చూసింది. "ఔను, నానే" అంది. ఆ తర్వాత సోలతో మిరియాలు కొలిచింది, పైన చిన్న కుప్ప వచ్చేలా.